దేనికి తగుల్తాదో చెప్తేగానీ బోల్టు ఇవ్వరు: శ్రీకాకుళం నట్లు బోల్టుల షాపు, 4 స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, పది బోల్టులు చేతిలో పడేస్తే పట్టుకుని బండెక్కేద్దాం అనుకునేవాళ్ళకి ఈ షాపు కాదు. పాత బస్టాండు వైపు సందులో ఉంటుంది, బయట నుంచి చూస్తే మిగతా హార్డ్‌వేర్ షాపులకీ దీనికీ తేడా ఏం కనపడదు, అవే ఇనప ర్యాకులు, అదే నూనె వాసన, గుమ్మం దగ్గర కాటా. తేడా అంతా కౌంటర్లో కూర్చునే పెద్దాయన దగ్గరుంది. మనం సైజు చెప్పేలోపే "దేనికి తగుల్తాది బాబూ ఇది?" అని అడుగుతారు. అంటే ఈ బోల్టు ఏ లోహాన్ని ఆనుకుని ఉంటాది, ఇనుమా, అల్యూమినియమా, ఇత్తడా అని. తర్వాత తడి తగుల్తాదా అంటారు, ఆ తర్వాత మీ ఊరు సముద్రానికి ఎంత దూరం అంటారు. బోల్టుకీ మా ఊరికీ సంబంధం ఏంటి అని చిరాకు పడి వెళ్ళిపోయినవాళ్ళని నా కళ్ళతోనే చూశా, కానీ మనలాంటి తీరం జిల్లాలో బోల్టు కొనేముందు అడగాల్సినవి ఆ మూడు ప్రశ్నలే, మిగతా ఏ షాపులోనూ ఒక్కటీ అడగరు.

మాది గార మండలం, కళింగపట్నం వైపు. గాలి అటు నుంచి కొట్టిందంటే కిటికీ అద్దం మీద ఉప్పు చేతికి తగుల్తుంది. మా నాన్నగారు పీఎం సూర్యఘర్ స్కీములో డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించారు, 78,000 సబ్సిడీ కూడా పడింది, ప్యానెళ్ళ గురించి గానీ ఇన్వర్టర్ గురించి గానీ నాకు ఏ కంప్లయింటూ లేదు. కంప్లయింటంతా కింద కట్టిన స్ట్రక్చర్ మీదే. ఆ పని చేసిన కాంట్రాక్టర్ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే చుట్టుపక్కల ఊళ్ళలో నేను చూసిన డాబాల్లో సగానికి పైగా ఇదే కథ, ఒక్కడి పని కాదు. ఏంటంటే అల్యూమినియం రెయిల్ వేసి, ప్యానెల్ని పట్టే క్లాంపులకి మెరిసే జింక్ ప్లేటింగ్ బోల్టులు బిగించారు, ఎర్తింగ్ కోసం ఒట్టి రాగి తీగని తిన్నగా రెయిల్ మీదే చుట్టి దాని మీద అలాంటి బోల్టే ఇంకోటి బిగించేశారు. పెట్టిన రోజు ధగధగలాడిపోయింది. రెండో వర్షాకాలం అయ్యేసరికి ప్యానెళ్ళు కడుగుదామని పైకెక్కి చూస్తే బోల్టు తలలన్నీ ఎర్రగా, వాటి చుట్టూ రెయిల్ మీద తెల్ల పొడి. రాగి తీగ చుట్టిన దగ్గర మరీ ఘోరం, తీగ మాత్రం కొంచెం పచ్చగా చిలుము పట్టి దర్జాగా ఉంది, దాని కింద అల్యూమినియం గుంటలు గుంటలుగా తినేసి ఉంది, గోరుతో గీకితే పెచ్చు లేచిపోతోంది, గుండ్రంగా ఉండాల్సిన కన్నం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసింది. తీగ లాగితే కదుల్తోంది కూడా. అంటే ఎర్తింగ్ ఉందని పేరే గానీ అక్కడ పట్టు లేదు.

ఇది మామూలు తుప్పు కాదు. రెండు వేరువేరు లోహాలు ఒకదాన్నొకటి ఆనుకుని, ఆ రెండిటినీ కలుపుతూ ఉప్పు తడి ఉంటే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది. 1800లో ఇటలీ సైంటిస్టు వోల్టా చేసింది అదే కదా, రెండు రకాల లోహపు బిళ్ళలు, మధ్యలో ఉప్పునీళ్ళలో తడిపిన అట్ట, అలా పేర్చుకుంటూ వెళ్ళి మొదటి బ్యాటరీ కట్టాడు. మా డాబా మీద ఆ కాంట్రాక్టర్ అదే బ్యాటరీని వైరింగ్ ఖర్చు లేకుండా కట్టిచ్చి వెళ్ళాడు. బ్యాటరీ అన్నాక ఒక పక్క అరుగుతుంది, ఒక పక్క భద్రంగా ఉంటుంది. ఏది అరుగుతుంది అనేదానికి ఒక వరస ఉంది, సముద్రపు నీళ్ళలో పెట్టి కొలిస్తే జింకు సుమారు మైనస్ 1 వోల్టు, అల్యూమినియం మైనస్ 0.75 దగ్గర, మామూలు ఇనుము మైనస్ 0.6, రాగి మైనస్ 0.3, స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా పైన దాదాపు సున్నా దగ్గర. ఏ రెండు కలిపినా వరసలో కింద ఉన్నది కరుగుతుంది, పైనున్నది బతుకుతుంది, మధ్యలో దూరం ఎంత ఎక్కువైతే అంత తొందరగా కరుగుతుంది. ఉప్పుగాలి తగిలే చోట ఈ తేడా 0.15 వోల్టు దాటకుండా చూసుకోమని డిజైన్ చేసేవాళ్ళ లెక్క. రాగికీ అల్యూమినియానికీ ఎంతుందో మీరే తీసేసి చూసుకోండి.

ఇక్కడ కెమిస్ట్రీ చదివినవాళ్ళకి ఒక డౌటు వస్తుంది, ఇంటర్ పుస్తకంలో అల్యూమినియం మైనస్ 1.66, జింకు మైనస్ 0.76 అని ఉంటాది కదా, మరి అల్యూమినియమే ముందు కరగాలి కదా అని. ఆ పుస్తకం లెక్క శుభ్రమైన లోహానికి. అల్యూమినియం గాలి తగలగానే పైన ఒక పల్చటి ఆక్సైడ్ పొర కట్టేసుకుంటుంది, దాంతో బయట సముద్రం దగ్గర జింకు కంటే పైకి వెళ్ళిపోతుంది. అందుకే మా డాబా మీద ముందు అల్యూమినియానికి ఏం కాలేదు, బోల్టు మీద ఉన్న జింకు పూత కరిగి రెయిల్‌నీ లోపలి ఇనుమునీ రెండిటినీ కాపాడింది, ఇంట్లో పెద్దకొడుకు అందరి అప్పులూ తన నెత్తినేసుకున్నట్టు. ఆ పూత ఉన్నదే బొటాబొటి, అదైపోగానే లోపలి ఇనుము బయటపడింది, ఇప్పుడు ఇనుముకీ అల్యూమినియానికీ పడింది, అక్కడి నుంచి రెయిల్ కరగడం మొదలు. ఇంకోటి, వాన పడితేనే తడి అనుకోకండి, గాల్లో తేమ 75 శాతం దాటితే చాలు, పేరుకున్న ఉప్పు దానంతట అదే నీళ్ళు లాక్కుని కరిగిపోతుంది, మన తీరంలో తెల్లవారుజామున తేమ ఎంతుంటుందో అందరికీ తెలిసిందే, అంటే వాన లేని రోజు కూడా రాత్రంతా బ్యాటరీ ఆన్ లోనే ఉన్నట్టు.

సరే షాపు సంగతికొస్తా. ఆ తుప్పు బోల్టు ఒకటీ, తినేసిన రెయిల్ ముక్క ఒకటీ సంచిలో వేసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టా. పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని అటూ ఇటూ తిప్పి "రాగి తీగ తిన్నగా కట్టీసినారా? ఎవులు చేసినారు ఈ పని" అన్నారు. అక్కడ రాగి ఉందని నేను చెప్పనే లేదు, అల్యూమినియం మీద గుంటల వరస చూసి చెప్పేశారు. కొత్త బోల్టులు ఇమ్మంటే అదే సైజు జింకుది ఇవ్వలేదు, "అది మళ్ళీ రెండేళ్ళకి వస్తాది బాబూ, నాకు లాభమే గాని నీకెందుకు" అని నవ్వి స్టెయిన్‌లెస్ వి తీశారు.

నేను ఊరుకోలేదు, స్టెయిన్‌లెస్ అయితే అల్యూమినియానికి ఇంకా దూరం కదా బాబాయ్, వరసలో ఇనుము కంటే పైన కదా అది, మరి ఇంకా ఎక్కువ తినాలి కదా అన్నా. ఆయన చెప్పింది నాకు బాగా నచ్చింది. తేడా ఎంత అన్నది ఒక్కటే కాదు, ఏది ఎంత పెద్దది అన్నది కూడా చూడాలంట. పైనున్న లోహం చిన్న బోల్టు, కింద కరిగేది పొడుగాటి రెయిల్ అయితే ఆ కరిగేదేదో అంత పెద్ద రెయిల్ మీద పంచుకుపోతాది, పైగా కలిసే చోట నైలాన్ వాషరు పడితే సగం కథ అక్కడే ఆగిపోతాది. దీనికి తిరగేసి చెయ్యకూడదు, పెద్ద స్టెయిన్‌లెస్ ఫ్రేముకి చిన్న ఇనప బోల్టు వేస్తే మొత్తం భారం ఆ ఒక్క బోల్టు మీద పడి చూస్తుండగానే మెడ సన్నబడి విరిగిపోతాది. "చిన్నది గట్టిది అవ్వాల, పెద్దది మెత్తది అయినా పర్లేదు" అని ఆయన లెక్క. ఇంజనీరింగ్ పుస్తకాల్లో దీన్నే ఏరియా రేషియో అని ఒక చాప్టర్ రాస్తారు.

షాపులో ఏం దొరుకుతాయో చెప్తా, కొనేవాళ్ళకి పనికొస్తుంది. మామూలు జింక్ ప్లేటింగ్ ఉంది, తెల్లదీ పసుపుదీ రెండూ, పసుపు రంగు అనేది జింకు మీద వేసే పాసివేషన్ పొర, కొంచెం ఎక్కువ ఆగుతుంది గానీ లోపల జింకు మాత్రం మందం అంతే, మార్కెట్లో దొరికే బోల్టుల మీద 5 నుంచి 8 మైక్రాన్లు ఉంటే గొప్ప, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. హాట్ డిప్ బోల్టులున్నాయి, అంటే కరిగించిన జింకులో ముంచి తీసినవి, మెరవవు, బూడిద రంగులో గరుకుగా ఉంటాయి, చూడ్డానికి పాత సరుకులా కనపడతాయి, కానీ వాటి మీద 40 నుంచి 50 మైక్రాన్ల జింకు. ఇప్పుడు చిన్న లెక్క వెయ్యండి, సముద్రపు గాలి గట్టిగా తగిలే చోట జింకు ఏడాదికి 4 నుంచి 8 మైక్రాన్లు అరుగుతుందని తుప్పు లెక్కల అంతర్జాతీయ స్టాండర్డు ఐఎస్ఓ 9223 పట్టిక, అంటే మెరిసే బోల్టు మహా అయితే రెండేళ్ళు, గరుకు బోల్టు ఐదేళ్ళ నుంచి పన్నెండేళ్ళు. ఇది ఒక్క గాలికి అరిగే లెక్క, పక్కన రాగో స్టెయిన్‌లెస్సో తగిలించి బ్యాటరీ కూడా పెడితే అంత కూడా రాదు. శ్రీకాకుళం టౌనులో అయితే ఈ లెక్క కొంచెం మెరుగ్గా ఉంటుంది, ఆమదాలవలస దాటితే ఇంకా మెరుగు, కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు వాళ్ళు మాత్రం మెరిసే బోల్టు జోలికి వెళ్ళకండి.

మెరుపు చూసి కొనే అలవాటు మనకి ఎలా వచ్చిందో గానీ అన్నిచోట్లా అదే కొంప ముంచుతోంది. రేకుల సంగతీ అంతే, 120 జీఎస్ఎం రేకు అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి 120 గ్రాముల జింకు, ఒక్కో వైపు ఎనిమిదిన్నర మైక్రాన్లు కూడా సరిగ్గా ఉండదు. షాపువాళ్ళు గేజీ చెప్తారు, బ్రాండు చెప్తారు, జీఎస్ఎం ఎంత అని మీరు అడిగితే మొహం చూస్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రేకులు ఎలా ఎగిరాయో చూసినవాళ్ళం, అంత గాలికి కొత్త బోల్టు కూడా ఆగదేమో, కానీ మెడ దగ్గర సగం తినేసిన, రేకుని పట్టి ఉంచే జె-బోల్టు అందులో సగం గాలికి కూడా ఆగదు కదా.

స్టెయిన్‌లెస్ లో 304 అనే గ్రేడు ఎప్పుడూ ఉంటుంది, బోల్టు తల మీద ఏ2-70 అని అచ్చు ఉంటాది, అది చూసి తీసుకోండి. 316 అంటే ఏ4, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటాది కాబట్టి ఉప్పుకి బాగా తట్టుకుంటుంది, అది ఆర్డరు మీదే తెప్పిస్తారు. అయస్కాంతం పెట్టి అంటుకోకపోతే అసలైన 304 అని చాలామంది పరీక్ష చేస్తారు, దాన్ని నమ్మకండి, చవక గ్రేడు 202 కూడా పెద్దగా అంటుకోదు, అసలైన 304 బోల్టు కూడా తయారీలో వంగి సాగిన చోట కొంచెం అంటుకోవచ్చు. ఈ ముక్క ఆ షాపులోనే మాగ్నెట్ పెట్టి చూపించారు, అందుకే నమ్మకం. స్టెయిన్‌లెస్ కొన్నవాళ్ళకి ఇంకో హెచ్చరిక కూడా చేస్తారు, స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టు వేసి మెషీన్ తో గబగబా తిప్పితే మధ్యలో మరలు పట్టేసి రెండూ ఒకటైపోతాయి, ఇటూ రాదు అటూ పోదు, ఇంక కొయ్యడమే. మరలకి కాస్త గ్రీజు లాంటి పేస్టు రాసి చేత్తో నిదానంగా బిగించమని చిన్న డబ్బీ కూడా అంటగడతారు, దానికి డబ్బులు వేరే లెండి.

ఇప్పుడు వీళ్ళ రెండో వ్యాపారం, హాట్ డిప్ జాబ్ వర్క్. వీళ్ళకి సొంతంగా తొట్టి లేదు, మనం చేయించుకున్న ఫ్రేములు, యాంగిల్ ముక్కలు పోగు చేసి విశాఖ వైపు పంపించి తెప్పిస్తారు. ఇనుమునంతా యాసిడ్లో కడిగి, ఫ్లక్స్ పెట్టి, సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగించిన జింకులో ముంచుతారు, ఆ వేడికి జింకు పైపైన అంటుకోడం కాదు, ఇనుముతో కలిసి పొరలు పొరలుగా మిశ్రమం అయిపోతుంది, అందుకే పెయింటులా పెచ్చు లేవదు. మన బీఐఎస్ స్టాండర్డు ఐఎస్ 4759 ప్రకారం 5 ఎంఎం, అంతకు మించిన మందం ఇనుముకి చదరపు మీటరుకి 610 గ్రాములు ఉండాలి, అంటే సుమారు 85 మైక్రాన్లు. సరుకు వచ్చాక షాపులోనే చిన్న మిషన్ పెట్టి మైక్రాన్లు చదివి చూపిస్తారు, మా ఫ్రేము మీద నాలుగైదు చోట్ల పెట్టి చూపించారు, మూలల్లో కొంచెం ఎక్కువ, మధ్యలో 90 దగ్గర. ఈ మిషన్ పెట్టిన హార్డ్‌వేర్ షాపు నేను వేరే చూడలేదు, ఒక స్టారు దీనికే.

పంపించే ముందు మీ వెల్డింగ్ షాపతనికి రెండు మాటలు చెప్పండి, లేకపోతే అక్కడ వెనక్కి పంపేస్తారు. ఒకటి, బాక్స్ పైపుతో ఫ్రేము చేస్తే రెండు చివర్లా కన్నాలు ఉండాలి. అన్నీ మూసేసి ముంచితే లోపల చిక్కుకున్న తడి ఆవిరైపోయి పేలుతుంది, అక్కడ పని చేసేవాళ్ళ ప్రాణం మీదకి వస్తుంది. రెండు, వెల్డింగులు, కన్నాలు అన్నీ ముంచక ముందే అయిపోవాలి, ముంచి తెచ్చాక మళ్ళీ డ్రిల్ వేస్తే ఆ కన్నంలో జింకుండదు, వెల్డింగ్ పెడితే చుట్టూ జింకు కాలిపోతుంది. తప్పక చెయ్యాల్సి వస్తే ఆ చోట జింకు పొడి ఎక్కువున్న పెయింటు వెయ్యాలి, మామూలు సిల్వర్ పెయింటు కాదు. ఈ సిల్వర్ పెయింటు మోసం మన దగ్గర ఎంత ఉందంటే, ఇనప పైపుకి వెండి రంగు పూసి జిఐ, అంటే జింకు పూత ఉన్న ఇనుము, అని అమ్మేస్తున్నారు. సిల్వర్ పెయింటులో ఉన్నది అల్యూమినియం పొడి, అది గొడుగు లాగ పైన కప్పుతుందే గానీ ఇనుము కోసం తను కరగదు, గీత పడిందంటే ఆ గీతలోంచే తుప్పు మొదలు. జింకు పూత అయితే గీత పడినా చుట్టూ ఉన్న జింకు కరిగి ఆ గీతని కాపాడుతుంది.

ఇదే లెక్క నికెల్, క్రోమ్ పూతలకి తిరగబడుతుంది. బాత్రూములో ఇనప రాడ్డుకి క్రోమ్ ఉంటుంది చూడండి, కొన్నాళ్ళకి పిన్నుతో పొడిచినంత చుక్కలు ఎర్రగా లేస్తాయి. ఆ క్రోమ్ కింద ఉండే నికెల్ ఇనుము కంటే పైవరసలో ఉంటుంది, కాబట్టి పూతకి సూది మొన అంత కన్నం పడినా చాలు, పెద్ద నికెల్ పక్కన చిన్న ఇనప చుక్క అయిపోయి లోపలికి తవ్వేస్తుంది. అద్దంలా మెరిసే పూత ఇంట్లో ఓకే, సముద్రం పక్క గేటుకి దండగ. పూత వేయించడం మనకేం కొత్త కాదులెండి, బుడితి ఇత్తడి గిన్నెలకి లోపల కళాయి పెట్టించేవారు కదా, అది తుప్పు కోసం కాదు, చింతపండు పులుపు తగిలి చిలుము కూరలోకి దిగకుండా. ఏ పూత దేనికి అనేది అప్పటి ఆడవాళ్ళకి తెలుసు, ఇప్పటి కాంట్రాక్టర్లకి తెలీదు.

రాగి, అల్యూమినియం జోడీ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఇది తుప్పుతో ఆగదు, నిప్పు దాకా వెళ్తుంది. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు చాలాచోట్ల అల్యూమినియం, ఇంట్లోది రాగి, రెండిటినీ మెలేసి టేపు చుట్టేస్తారు, తడి చేరి అల్యూమినియం తెల్లబడి పట్టు సడలుతుంది, పట్టు సడిలితే వేడెక్కుతుంది, ఆఖరికి టేపు కాలిన వాసన. షాపులో దీనికి తగరం పూత ఉన్న రాగి లగ్గులు, అంటే తీగ చివర తొడిగి బోల్టుకి బిగించేవి, ఒక పక్క రాగి ఒక పక్క అల్యూమినియం ఉన్న బైమెటల్ లగ్గులు రెండూ ఉన్నాయి, మా రెయిల్ ఎర్తింగ్ కి తగరం లగ్గు, స్టెయిన్‌లెస్ బోల్టు, పైన గ్రీజు పెట్టించుకున్నా. ఎర్తింగ్ దగ్గర మాత్రం నైలాన్ వాషరు వెయ్యకూడదు, కరెంటు పోవాల్సిన చోటే అది, అక్కడ విడదియ్యడం కాదు, తడి చేరకుండా మూసెయ్యడమే మార్గం. ఈ తేడా చెప్పకుండా వాషర్లు అమ్మేసేవాళ్ళుంటే జాగ్రత్త, ఇక్కడ మాత్రం చెప్పే ఇచ్చారు. ఏసీ రాగి పైపుల నుంచి కారే నీళ్ళు కూడా కింద జిఐ రేకు మీద పడకుండా చూసుకోండి, ఆ నీళ్ళతో వచ్చే రాగి రేకు మీద కూర్చుని కన్నాలు పెడుతుంది.

మా బావకి రొయ్యల చెరువులున్నాయి, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల సామాను అంతా ఇప్పుడు ఇక్కడే. అక్కడ ఉప్పుగాలి కాదు, సాక్షాత్తూ ఉప్పునీళ్ళే, అందులో స్టెయిన్‌లెస్ షాఫ్టుకి జిఐ బోల్టు వేస్తే ఒక్క పంట కూడా పూర్తిగా రాదని బావ గోల. పెద్దాయన ఆయనకి ఇచ్చిన సలహా వింటే ముందు తిరకాసులా ఉంటుంది. రెండు లోహాలు కలిసిన చోట పెయింటు వెయ్యాలంటే తుప్పు పట్టే ఇనుముకి ఒక్కదానికే వేసి వదిలెయ్యొద్దు, గట్టిగా ఉండే స్టెయిన్‌లెస్ కి తప్పకుండా వెయ్యి అన్నారు. బావ నవ్వాడు, తుప్పు పట్టనిదానికి రంగేంటని. కారణం పైన చెప్పిన సైజు లెక్కే, ఇనుముకి మాత్రమే రంగేస్తే ఎక్కడో చిన్న పెచ్చు లేస్తుంది, అంత పెద్ద స్టెయిన్‌లెస్ మొత్తం ఆ చిన్న పెచ్చు మీద పడి తొలిచేస్తుంది, స్టెయిన్‌లెస్ ని కప్పేస్తే బ్యాటరీలో ఒక పక్క చిన్నదైపోతుంది, తొలిచే బలం తగ్గుతుంది. వేటకి వెళ్ళే బోట్ల ఇంజన్లకి కింద జింకు దిమ్మ బిగించి ఉంటుంది చూడండి, అది అరగడానికే పెట్టింది, దాని మీద రంగు వేస్తే మాత్రం పనిచెయ్యదు.

లోహాల మధ్య ఏదో ఒకటి అడ్డం పెట్టాలన్న తెలివి రెండున్నర శతాబ్దాల నాటిది. బ్రిటిష్ నేవీ వాళ్ళు 1761లో అలార్మ్ అనే ఓడ అడుక్కి పురుగు పట్టకుండా రాగి రేకు తొడిగారు, 1763లో పైకి తీసి చూస్తే రాగి బాగానే ఉంది, దాన్ని తగిలిన ఇనప మేకులు చాలావరకు తినేసి ఉన్నాయి. రాగి రేకులు చుట్టి వచ్చిన ముదురు కాగితం కొన్నిచోట్ల తియ్యకుండా వదిలేశారంట, ఆ కాగితం మధ్యలో ఉన్న చోట మాత్రం ఇనుము క్షేమం. నేను మొన్న కొన్న నైలాన్ బుష్షులు, వాషర్లు చేసే పని కూడా ఆ కాగితం పనే, ఇవి ఒక్కోటీ రూపాయల్లో ఉంటాయి, రెయిల్ మార్చాలంటే వేలల్లో.

ఇక మైనస్ పాయింట్లు, నాలుగు స్టార్లే ఎందుకిచ్చానో చెప్పాలి కదా. జాబ్ వర్క్ కి డేట్ అనేది ఉండదు, లోడు నిండితేనే బండి కదుల్తాది, ఫోన్ చేస్తే "రేపు వస్తాది బాబూ" అంటారు, ఆ రేపు ఎప్పుడో మీ అదృష్టం, చిన్న చిన్న ముక్కలు అసలు తీసుకోరు. హై టెన్సైల్ బోల్టులు, అంటే బాగా గట్టి 10.9 గ్రేడువి, ఇచ్చి ప్లేటింగ్ చేయించండి అంటే ఒప్పుకోరు, యాసిడ్లో, ప్లేటింగ్ లో హైడ్రోజన్ లోపలికి దూరి బోల్టు పెళుసెక్కిపోతాది, తర్వాత 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చి తియ్యాలి, ఆ కొలిమి ఉన్నవాళ్ళ దగ్గరే చేయించుకోమంటారు. ఇది నిజానికి మైనస్ కాదు గానీ లారీ బాడీ పని చేసేవాళ్ళకి ఇబ్బంది. పెద్దాయన లేని టైములో కుర్రాడు కూర్చుంటాడు, అతను చూసేది ఫోనే, అడిగింది తీసి ఇచ్చేస్తాడు, ఒక ప్రశ్న కూడా వెయ్యడు, అప్పుడు ఈ షాపుకీ పక్క షాపుకీ తేడా లేదు. పొద్దున్న పూట వెళ్తేనే పెద్దాయన దొరుకుతారు. బండి పెట్టుకోడానికి చోటు లేదు, కారైతే మర్చిపోండి. అప్పు లేదు, ఫోన్ పే ఉంది, జీఎస్టీ బిల్లు అడిగితే ఇస్తారు గానీ మొహం కొంచెం మారుతుంది.

రేటు విషయానికొస్తే 304 బోల్టు మామూలు జింకు బోల్టుకి కొన్ని రెట్లు పడుతుంది, హాట్ డిప్ మధ్యలో ఉంటుంది. ఇంటి లోపల అలమరాలకి, గుమ్మాలకి స్టెయిన్‌లెస్ దండగ, ఆయన కూడా అక్కడ జింకే ఇస్తారు, ఎక్కువ రేటుది అంటగట్టరు. మొత్తం డాబా బోల్టులన్నీ మార్చడానికి అయిన ఖర్చు ఒక్క పాడైన రెయిల్ ధర కంటే తక్కువే వచ్చింది.

హాట్ డిప్ బోల్టులు తీసుకునేవాళ్ళు మాత్రం నట్లు కూడా అక్కడే, అదే పొట్లంలోవి తీసుకోండి. పూత మందం కాబట్టి నట్టు మరలని కొంచెం పెద్దగా కోస్తారు, ఇంట్లో ఉన్న పాత నట్టు దానికి ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే జింకంతా గీక్కుపోతుంది. ఆ పెద్ద నట్టు మామూలు బోల్టుకి వేస్తే వదులుగా ఉంటుంది, బిగిసినట్టే ఉండి ఊడుతుంది. కుర్రాడు కూర్చున్న రోజు రెండు డబ్బాలూ కలిపేసి ఇచ్చాడు నాకు, కౌంటర్ దగ్గరే ఒక్కో నట్టు చివరి దాకా ఎక్కించి చూసుకుని లెక్కపెట్టుకోండి.